మైనస్ 0.64 వచ్చింది లీప్ సెకన్ వల్ల కాదు తమ్మీ

తమ్మీ, నువ్వు పంపిన లాగ్ రెండుసార్లు చూశా. మిగతావాళ్లకు కూడా తెలియాలి కాబట్టి నీ కథ ముందు క్లుప్తంగా చెప్తా. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో ధర్మకాంటకు నువ్వు పైథాన్‌లో ప్రోగ్రాం రాసిచ్చావు. లినక్స్ ఎక్కించిన పాత పీసీ. బండి కాంటా ఎక్కాక ప్రతి 200 మిల్లీసెకన్లకోసారి బరువు చదవాలి, అంకె 3 సెకన్లు కదలకుండా నిలబడితేనే స్లిప్ కొట్టాలి. యాసంగి వడ్లు దిగే రోజులు, రాత్రంతా ట్రాక్టర్లు వరుస కట్టి ఉంటాయి. ఏప్రిల్‌లో మూడు రాత్రులు ప్రోగ్రాం నడుమ ఆగిపోయింది, వెనక నిలబడ్డ బండ్లు హారన్లు, మిల్లు సేటు తిట్లు. లాగ్‌లో రెండు రీడింగుల నడుమ గడిచిన సమయం మైనస్ 0.64 సెకన్లు అని ఉంది. నెట్‌లో వెతికితే లీప్ సెకన్ అని కనపడింది, అంటే భూమి తిరుగుడుకు సరిపోవాలని గడియారాలకు అప్పుడప్పుడు కలిపే ఒక్క సెకను. 'అన్నా, ఇది లీప్ సెకనేనా? అసలు లీప్ సెకన్ వస్తే కంప్యూటర్ ఏం చేస్తది?' అని అడిగావు.

మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. నీ లాగ్‌లోనే మూడు ఆనవాళ్లున్నాయి.

ఒకటి తేదీ. ఇంతవరకు లీప్ సెకన్ 27 సార్లు కలిపారు. అన్నీ జూన్ 30 చివరనో, డిసెంబర్ 31 చివరనో. ఆఖరిది 2016 డిసెంబర్ 31న. ఆ తర్వాత ఒక్కటి లేదు. ఏప్రిల్‌లో ఎక్కడిది?

రెండు, గంట. లీప్ సెకన్ ప్రపంచమంతటా ఒకే క్షణంలో పడుతుంది, ప్రపంచమంతటికీ ప్రామాణికమైన యూటీసీ టైము లెక్కన అర్ధరాత్రి. మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు కాబట్టి మనకు అది తెల్లవారుజామున 5:30కి, అంటే జూలై 1నో జనవరి 1నో పాలు పితికే వేళకి వస్తుంది. నీ మూడు తప్పులూ రాత్రి 12:05కి పడ్డాయి. ఏ లీప్ సెకనూ మన దగ్గర 12:05కి రాదు.

మూడోది అంకె. రెండు రీడింగుల నడుమ 0.20 రావాలి, మైనస్ 0.64 వచ్చింది. అంటే నడుమ గడియారం 0.84 సెకన్లు వెనక్కి పోయింది. రెండో రాత్రి మైనస్ 0.61, అంటే 0.81. మూడో రాత్రి 0.86. లీప్ సెకన్ అయితే నిండు ఒక సెకను ఉంటుంది, ఇట్లా రోజుకో తీరు ఉండదు. ఆ పీసీలో క్రాంటాబ్, అంటే ఏ టైముకు ఏ ప్రోగ్రాం నడవాలో రాసిపెట్టే జాబితా, తెరిచి చూడు. రాత్రి 12:05కి ఎన్టీపీడేట్ నడిపే లైన్ ఒకటి ఉంటుందని నేను పందెం కాస్తా. నీకన్నా ముందు ఆ పీసీ చూసుకున్నవాళ్లు ఎవరో పెట్టి ఉంటారు. ఆ ప్రోగ్రాం సర్వర్‌ని టైము అడుగుతుంది, తేడా అర సెకను దాటితే గడియారాన్ని ఒక్కసారే ముందుకో వెనక్కో గుంజేస్తుంది. ఆ క్షణంలో కాంటా మీద బండి లేకపోతే నీకు తెలియనే తెలియదు. అందుకే అన్ని రాత్రుల్లో మూడు రాత్రులే దొరికాయి.

రోజుకు 0.84 సెకన్లు పరుగెత్తే పీసీ అంటే చెడిపోయిందనుకోకు. పది లక్షల్లో పది వంతుల తేడా అది. మదర్‌బోర్డు మీద ఉండే క్వార్ట్జ్ క్రిస్టల్‌కు అది మామూలు. వేడికి, చలికి కూడా అటుఇటు జరుగుతుంది, ఏప్రిల్ ఎండకు రేకుల షెడ్డులో ఉన్న పీసీ అయితే చెప్పేదేముంది. నేను చెప్పదలచుకున్న సంగతి ఇక్కడే ఉంది: భూమి తిరుగుడులో తేడా పోగై ఒక సెకను కావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. నీ పీసీకి అది ఒకటిన్నర రోజు పని కూడా కాదు. లీప్ సెకన్‌కు విరిగే ప్రోగ్రాం ఏదైనా, అంతకుముందు వంద మామూలు రాత్రుల్లో విరగడానికి సిద్ధంగా ఉన్నదే.

రెండో ప్రశ్నకు కొంచెం నిదానంగా చెప్తా, ఎందుకంటే ఇందులో రసం ఉంది.

లీప్ సెకన్‌ను మన వాళ్లకు అర్థం చేయించాలంటే నేను పంచాంగం దగ్గర మొదలుపెడతా. చంద్రుడి లెక్కన పన్నెండు నెలలు సూర్యుడి ఏడాదికి దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఆ తేడా పోగయ్యాక ఒక అధిక మాసం కలుపుతారు, 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. పేరు అదే, నెల రెండుసార్లు. లీప్ సెకన్‌దీ అదే పద్ధతి. ఒకవైపు అణు గడియారం, సీజియం పరమాణువు నుంచి వచ్చే తరంగం 919,26,31,770 సార్లు ఊగితే ఒక సెకను అని 1967లో ఖాయం చేశారు. రెండోవైపు భూమి. చంద్రుడు సముద్రాలను గుంజే గుంజుడుకు భూమి మెల్లమెల్లగా మందగిస్తుంది. రెంటి మధ్య తేడా 0.9 సెకను దాటకుండా 1972 నుంచి అప్పుడప్పుడు ఒక సెకను కలుపుతూ వచ్చారు. ఆ క్షణాన గడియారం 23:59:59 తర్వాత 23:59:60 చూపించి, అప్పుడు 00:00:00కు పోవాలి.

పోలిక తెగేది ఒక్కచోట, తలనొప్పి కూడా అక్కడే. అధిక మాసాన్ని వందేళ్ల ముందే లెక్కగట్టి అచ్చేయొచ్చు. లీప్ సెకన్‌ను లెక్కగట్టలేం. భూమి లోపల కరిగిన ఇనుము కదలిక, మంచు కరగడం, గాలులు, అన్నీ తిరుగుడును కదిలిస్తాయి. అందుకే భూమి తిరుగుడును కొలిచే ఐఈఆర్ఎస్ అనే అంతర్జాతీయ సంస్థకు పారిస్‌లో ఉన్న కేంద్రం కొలిచి చూసి, ఆరు నెలలకోసారి బులెటిన్ సీ అని ఒక కాగితం వేస్తుంది: ఈసారి ఉంది, ఈసారి లేదు. 1972 నుంచి 1979 దాకా ఎనిమిదేళ్లలో తొమ్మిది కలిపారు. 1998 డిసెంబర్ తర్వాత ఏడేళ్లు ఒక్కటీ లేదు. ఇట్లాంటిదాన్ని ప్రోగ్రాంలో ముందే రాసి పెట్టుకోలేవు, ఎవరో చెప్తే వినాల్సిందే.

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. లినక్స్ లాంటివి లోపల వాడే యూనిక్స్ టైము 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుందని అందరం చదువుకున్నాం. అది పూర్తి నిజం కాదు. రోజుకు సరిగ్గా 86,400 సెకన్లే అన్న ఒప్పందం మీద నడుస్తుంది అది. 86,401వ సెకనుకు అందులో చోటే లేదు. ఈ ఒప్పందం వల్ల సుఖం కూడా ఉంది, ఏ తేదీనైనా చిన్న భాగహారంతో తీయొచ్చు. కానీ లీప్ సెకన్ వచ్చిన రోజు చేసేది ఒక్కటే మిగులుతుంది: ఒక అంకెను రెండుసార్లు వాడటం. 2017 జనవరి 1 తెల్లవారుజామున మామూలు లినక్స్ సర్వర్ లోపల ఇట్లా నడిచింది:

5:29:58 — 1483228798
5:29:59 — 1483228799
5:29:59 — 1483228799, ఇదే లీప్ సెకన్
5:30:00 — 1483228800

సెకన్ల వరకే చూస్తే ఒక అంకె రెండుసార్లు వచ్చినట్టు ఉంటుంది, అధిక శ్రావణం లాగానే. దశాంశాల్లోకి పోతే అసలు రూపం కనపడుతుంది (చివరి మూడంకెలే రాస్తున్నా): 799.99 దాకా వచ్చి మళ్లీ 799.00కు జారింది. 799.8 దగ్గర మొదలైన ఒక పని 0.3 సెకన్లలో అయిపోతే, ముగిసిన టైము 799.1 అని పడుతుంది. తీసేస్తే మైనస్ 0.7. నీ లాగ్‌లో చూసిన బొమ్మే కదా?

అందరూ ఒకేలా చేస్తారా అంటే అదీ లేదు. పైథాన్ డేట్‌టైమ్‌కు 60వ సెకను ఇస్తే ఒప్పుకోదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తీసుకుంటుంది కానీ తర్వాతి నిమిషం సున్నాగా మార్చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 59 అనే తిప్పి ఇస్తుంది. జీపీఎస్ అయితే ఈ గొడవలోకే దిగలేదు. 1980 జనవరి 6న మొదలుపెట్టి ఎక్కడా ఆగకుండా లెక్కపెడుతూ పోతుంది, ఇప్పుడు యూటీసీకన్నా 18 సెకన్లు ముందుంది. ఆ 18 అన్న అంకెను ఉపగ్రహమే సందేశంలో పంపుతుంది, పన్నెండున్నర నిమిషాలకోసారి. అందుకే సబ్‌స్టేషన్లలో పెట్టే జీపీఎస్ గడియారం చాలాకాలం తర్వాత ఆన్ చేస్తే మొదటి కొన్ని నిమిషాలు సెకన్లు తేడాగా చూపించొచ్చు. కంగారుపడి సర్వీస్ వాళ్లను పిలవకు, ఛాయ్ తాగి రా.

ఇక 2012 సంగతి. ఇది నేను పడ్డది. తొలి ఏకాదశికి ఊరికి వచ్చి ఉన్నా. జూలై 1, ఆదివారం. మిద్దె మీద పడుకున్నా, ఊళ్లో సిగ్నల్ అక్కడే వచ్చేది. ఆరు కాకముందే ఫోన్. హైదరాబాద్‌లో నేను అప్పుడు పనిచేసే కంపెనీలో నైట్ షిఫ్ట్ పిల్లగాడు. 'అన్నా, జావా సర్వర్లన్నీ 100 శాతం సీపీయూ. పదకొండు మిషన్లు. ఫ్యాన్లు మొత్తుకుంటున్నయ్. సర్వీస్ ఆపి మళ్ల స్టార్ట్ చేసిన, మళ్ల గట్లనే ఎక్కుతున్నయ్.' ట్రాఫిక్ ఎంత అంటే ఏమీ లేదు, ఆదివారం పొద్దున ఎవడుంటాడు. ఎవరైనా హ్యాక్ చేశారా అని నాకు మొదట భయం. డేటా కార్డు పెట్టి లాగిన్ కావడానికే ఇరవై నిమిషాలు పట్టింది. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లాగ్‌లో చివరి లైన్ ఒక్కటే: లీప్ సెకన్ కలుపుతున్నా అని. టైము సరిగ్గా 5:30. అప్పటిదాకా ఆ మాట నేను పుస్తకాల్లో తప్ప చూడలేదు. మాకు తోచింది రీబూట్, ఒకటొకటిగా పదకొండూ చేశాం. మధ్యాహ్నానికి తెలిసింది, రీబూట్ అక్కర్లేదట, గడియారాన్ని అదే టైముకు మళ్లీ ఒకసారి సెట్ చేస్తే చాలట. డేట్ కమాండ్‌కు డేట్ కమాండ్ ఇచ్చిన జవాబునే తిరిగి అప్పజెప్పడం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కింద అమ్మ పేలపిండి పెట్టి పిలుస్తూనే ఉంది.

అసలు జరిగింది ఇది. కెర్నల్ తన గడియారాన్ని ఒక సెకను వెనక్కి జరిపింది, బాగానే ఉంది. కానీ టైమర్లను చూసుకునే విభాగానికి ఆ మాట చెప్పడం మర్చిపోయింది. అది పాత లెక్కనే పట్టుకుని ఒక సెకను ముందు ఉండిపోయింది. ఒక ప్రోగ్రాం 'ఇప్పటినుంచి అర సెకను తర్వాత నన్ను లేపు' అంటే, టైమర్ తన గడియారం చూసుకుని 'అది ఎప్పుడో దాటిపోయింది, లే' అంటుంది. ప్రోగ్రాం లేస్తుంది, చేసే పని ఏమీ ఉండదు, మళ్లీ పడుకుంటా అంటుంది, మళ్లీ లే. సెకనుకు వేలసార్లు ఇదే. జావా, మైఎస్‌క్యూఎల్ లాంటివి ఇట్లాంటి చిన్న కునుకుల మీదే బతుకుతాయి కాబట్టి అవే బలయ్యాయి. గడియారాన్ని చేత్తో సెట్ చేస్తే ఆ కబురు టైమర్లకు కూడా పోతుంది, అందుకే డేట్ కమాండ్ మందులా పనిచేసింది. ఆ రోజు రెడ్డిట్, లింక్డ్‌ఇన్, మొజిల్లా అన్నీ తిప్పలు పడ్డాయి. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానాల చెకిన్ ఆగింది. జర్మనీలో హెట్జ్‌నర్ అనే డేటా సెంటర్ వాళ్లు తమ కరెంటు వాడకం ఒక్కసారిగా దాదాపు ఒక మెగావాట్ పెరిగిందని కస్టమర్లకు రాశారు. పనేమీ చేయకుండా, లేచి పడుకోవడానికే ఒక మెగావాట్!

ఆ తర్వాత పెద్ద కంపెనీలు పట్టుకున్న దారి వేరు. గూగుల్ అంతకుముందు 2008 నుంచే చేస్తోంది, స్మియర్ అంటారు. ఉప్పు ముద్ద ఒక్కచోట పడితే ఆ బుక్క నోట్లో పెట్టుకోలేం, కూరంతా కలియబెడితే నాలుకకు తెలియదు. ఆ ఒక్క సెకనును 24 గంటల మీద పులిమేస్తారు. మన టైము లెక్కన ముందు రోజు సాయంత్రం 5:30 నుంచి మర్నాడు సాయంత్రం 5:30 దాకా ప్రతి సెకనూ పది లక్షల్లో 11.6 వంతులు పొడుగు. 60వ సెకనూ రాదు, అంకె రెండుసార్లూ రాదు, వెనక్కి జారడం ఉండదు. ఇంకొకటి గమనించు, ఆ 11.6 అన్నది నీ మిల్లు పీసీ క్రిస్టల్ రోజూ చేసే తప్పుకు దాదాపు సమానం. అందుకే ఎవరికీ తెలియకుండా సాగిపోతుంది.

స్మియర్‌తో ఒకే ఒక ప్రమాదం. కొన్ని మిషన్లు పులిమే సర్వర్‌ను, కొన్ని పులమని సర్వర్‌ను చూస్తుంటే, నడిమధ్యన రెండింటికీ అర సెకను తేడా వస్తుంది. ఒకే మిషన్‌కు రెండు రకాల సర్వర్లూ ఇచ్చావా, అది ఎవరిని నమ్మాలో తెలియక ఊగుతుంది. ఏదో ఒకటే పట్టుకో. మన దేశంలో 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే సంస్థ) లేదా ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన వాటితో టైము కలుపుకోవాలని ఉంది. భారత ప్రామాణిక సమయాన్ని అణు గడియారాలతో నడిపేది ఆ లాబొరేటరీయే. నీ మిల్లుకు అవి చాలు.

పులమని పద్ధతిలో అయితే కబురు ఎన్టీపీ (కంప్యూటర్లు నెట్ మీద టైము కలుపుకునే పద్ధతి) ప్యాకెట్‌లో వస్తుంది. ప్యాకెట్ మొదట్లోనే రెండు బిట్లు. 00 అంటే ఏమీ లేదు, 01 అంటే ఈ రోజు చివరి నిమిషానికి 61 సెకన్లు, 10 అంటే 59, 11 అంటే నా టైమే సరిగా లేదు నన్ను నమ్మకు. ఆ రెండు బిట్లను సర్వర్ తప్పుగా పంపితే కింద ఉన్న మిషన్లన్నీ లేని లీప్ సెకన్‌ను కలుపుకుంటాయి. అందుకని లీప్ సెకన్ల జాబితా ఫైల్ ఒకటి పక్కన పెట్టుకోవడం మంచిది. దానికి గడువు తేదీ ఉంటుంది, బండి ఇన్సూరెన్స్ లాగ. ఏ ప్రమాదం జరగకపోయినా రెన్యువల్ చేయించాల్సిందే. కొత్త లీప్ సెకన్ ఏదీ రాకపోయినా ఆరు నెలలకోసారి ఫైల్ కొత్తది దించుకోకపోతే లాగ్‌లో గడువు తీరిందని గొణుగుతుంది.

అయితే ఇవన్నీ సర్వర్లు చూసుకునేవాళ్ల పని. ప్రోగ్రాం రాసేవాడిగా నువ్వు తెలుసుకోవాల్సింది వేరే. దానికి మా బాయి కథ చెప్పాలి.

మా నాయనకు, చిన్నాయనకు ఒకటే బాయి, ఒకటే మోటరు. వంతులు. పొద్దున 6 నుంచి 9 దాకా నాయన మడులకు, 9 నుంచి చిన్నాయనకు. స్టార్టర్ డబ్బా పక్కన మేకుకు కీ ఇచ్చే చేతి గడియారం ఒకటి వేలాడేది, ఇద్దరికీ అదే సాక్షి. ఒకరోజు చిన్నాయన రేడియో చంకన పెట్టుకుని వచ్చాడు. ఏడు గంటల ఐదు నిమిషాల ఢిల్లీ వార్తలు మొదలవుతుంటే మేకు మీది గడియారం ఏడుంబావు చూపిస్తోంది. 'ఇది పది నిమిషాలు ముందుకురుకుతుంది గదనే' అని ముల్లు వెనక్కి తిప్పేశాడు. ఆరు నుంచి మూడు గంటలు నిండాయని వచ్చి మోటరు దగ్గర నిలబడితే నాయన కదలడు. 'ఆరు నుంచి నీ గడియారమే చూస్తున్న. తొమ్మిది కాలె.' ముల్లు వెనక్కి పోయిన పది నిమిషాల నీళ్లు నాయన మళ్లలో పారాయి. దిద్దినవాడికే నష్టం. ఇద్దరూ పారలు కింద పడేసి అరుచుకుంటుంటే నానమ్మ వచ్చి, 'గడియారం సంగతి వదిలిపెట్టుర్రి, నిండిన మళ్లు లెక్కవెట్టుకోర్రి' అంది.

గడియారం రెండు పనులు చేస్తుంది తమ్మీ. ఇప్పుడు ఎంతయింది అని చెప్పడం ఒకటి, అప్పటినుంచి ఎంత సేపయింది అని చెప్పడం రెండోది. మొదటిదాన్ని ఎప్పుడైనా ఎవరైనా దిద్దొచ్చు, దిద్దాలి కూడా. రెండోదాన్ని నడుమ దిద్దితే ఎవరికో ఒకరికి నీళ్లు తప్పుతాయి. అందుకే ఆపరేటింగ్ సిస్టంలో రెండు వేర్వేరు గడియారాలు ఉన్నాయి. లినక్స్‌లో ఒకటి రియల్‌టైమ్, గోడ గడియారం. రెండోది మోనోటానిక్, నానమ్మ లెక్క. మిషన్ లేచినప్పటినుంచి ముందుకే పోతుంది, ఎన్టీపీ దాని వేగాన్ని కాస్త సవరిస్తుంది కానీ గుంజదు, వెనక్కి తిప్పదు, లీప్ సెకన్ దాన్ని తాకదు. పైథాన్‌లో టైమ్ డాట్ టైమ్ మొదటిది, టైమ్ డాట్ మోనోటానిక్ రెండోది. నీ ప్రోగ్రాంలో 3 సెకన్లు కొలిచే చోట మొదటిది వాడావు. అదొక్కటి మార్చు.

ఇది చిన్నవాళ్లు చేసే తప్పు అనుకోకు. 2017 జనవరి 1న, అదే లీప్ సెకన్‌కు, క్లౌడ్‌ఫ్లేర్ అనే పెద్ద ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకు చిరునామా చెప్పే) సర్వర్లలో కొన్ని కూలాయి. గో భాషలో రాసిన ప్రోగ్రాం. పక్క సర్వర్ ఎంతసేపట్లో జవాబిచ్చిందో గోడ గడియారంతో తీసివేత చేశారు, మైనస్ వచ్చింది. ఆ మైనస్‌ను తీసుకెళ్లి, సున్నాకన్నా పెద్ద అంకె మాత్రమే అడిగే ఒక ఫంక్షన్‌కు ఇచ్చారు, అది చేతులెత్తేసింది. సున్నా వస్తుందేమోనని ముందే ఒక కాపలా పెట్టారు కానీ సున్నాకన్నా కింద పోతుందని ఎవరూ అనుకోలేదు. సమానం అన్న గుర్తును తక్కువ లేదా సమానం అని మార్చారు, ఒక్క అక్షరం దిద్దుబాటు. అప్పటికి గో భాషలో మోనోటానిక్ గడియారం చేతికందే తీరులో లేదు. అదే ఏడు ఆగస్టులో వచ్చిన 1.9లో టైము లోపలే దాన్ని కలిపి ఇచ్చేశారు.

మోనోటానిక్‌తో జాగ్రత్తలు కూడా ఉన్నాయి. ఆ అంకె ఆ మిషన్‌కే, ఆ బూట్‌కే పరిమితం. దాన్ని డేటాబేస్‌లో రాసి రేపు వాడతా అంటే కుదరదు. స్లిప్ మీద అచ్చయ్యే తేదీ, టైము గోడ గడియారంవే ఉండాలి. ఇంకొకటి నీ కోడ్‌లో నా కంటికి పడింది: స్లిప్ నంబర్‌ను ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం, సెకను కలిపి తయారుచేస్తున్నావు. గడియారం నిమిషాల కొద్దీ వెనక్కి పోయిన రోజు రెండు బండ్లకు ఒకే నంబర్ పడొచ్చు. రేపు వడ్ల డబ్బుల దగ్గర రైతు, మిల్లు కొట్లాడుకుంటే మధ్యలో నీ స్లిప్ ఉంటుంది. నంబర్‌కు ఒకటి తర్వాత ఒకటి పెరిగే డేటాబేస్ సీక్వెన్స్ పెట్టు, టైముకు టైమే ఉండనీ.

అసలు లీప్ సెకన్ మళ్లీ వస్తుందా అంటే, వింత ఏమిటంటే కొన్నేళ్లుగా భూమి వేగం పెంచింది. 2024 జూలై 5న రోజు 86,400 సెకన్లకన్నా 1.66 మిల్లీసెకన్లు పొట్టిగా నడిచింది. ఇట్లాగే సాగితే కలపడం కాదు, తీసేయాల్సి వస్తుంది. 23:59:58 తర్వాత నేరుగా 00:00:00. పంచాంగంలో క్షయ మాసం ఉంటుంది చూడు, 1982-83లో వచ్చింది, నెలకు నెలే ఎగిరిపోతుంది, అట్లా. ఇంతవరకు ఒక్కసారీ జరగలేదు. కోడ్ అందరి దగ్గరా ఉంది, ఎవరూ నిజంగా నడిపి చూడలేదు. కలిపే కోడ్ ఏళ్ల తరబడి నలిగినదే 2012లో అట్లా చేసిందంటే, ఇదెట్లా ఉంటుందో ఊహించుకో. 2024లో డంకన్ ఆగ్న్యూ అనే భూభౌతిక శాస్త్రవేత్త నేచర్ పత్రికలో లెక్కగట్టి చెప్పాడు, ధ్రువాల దగ్గర మంచు కరగడం వల్ల ఆ అవసరం 2029 దాకా వెనక్కి జరిగిందని.

అంతకుముందే, 2022 నవంబర్‌లో, కొలతల అంతర్జాతీయ మహాసభ ఆ 0.9 సెకను గిరిని 2035లోపు పెంచేయాలని తీర్మానించింది. అంటే లీప్ సెకన్‌ను దాదాపు పక్కన పెట్టడమే. సూర్యుడికీ గడియారానికీ తేడా పెరుగుతుందని బాధపడేవాళ్లు ఉన్నారు. నాకు ఆ బాధ లేదు. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, కాకినాడకు దగ్గరగా పోయే గీత. నల్లగొండ అక్కడినుంచి మూడు డిగ్రీలకు పైనే పడమర. అంటే మనకు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి సగటున గడియారం 12:13 చూపిస్తుంది, మహబూబ్‌నగర్‌లో 12:18. పద్దెనిమిది నిమిషాలు ఓర్చుకున్న పాలమూరోళ్లకు ఒక సెకను ఎక్కువా?

నీ పని చెప్తా. ఆ 12:05 క్రాన్ లైన్ తీసేయి. క్రోనీ అనే టైము దిద్దే ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చెయ్యి. అది రోజుకోసారి గుంజకుండా వేగాన్ని కొద్దికొద్దిగా సవరిస్తూ ఉంటుంది, నీ క్రిస్టల్ తప్పు ఎంతో నేర్చుకుని నెట్ లేని గంటల్లో కూడా దిద్దుతుంది. అందులో మేక్‌స్టెప్ అన్న సెట్టింగ్ మామూలుగా మొదటి మూడు సవరణల వరకే గుంజనిస్తుంది, దాన్ని ఎప్పుడైనా గుంజేలా మార్చకు. కోడ్‌లో మోనోటానిక్ పెట్టు. కాంటా మీద ఖాళీ ట్రాలీ నిలబెట్టి, నడుమ చేత్తో గడియారాన్ని రెండు సెకన్లు వెనక్కి తిప్పి స్లిప్ వస్తుందో లేదో చూడు. ఇంకా మైనస్ వస్తే క్రోనీసీ ట్రాకింగ్ అన్న కమాండ్ చూపించింది మొత్తం ఇక్కడ అతికించు, చూస్తా.

మిల్లు సీజన్ అయిపోయాక ఆ పీసీని నెలల తరబడి ఆపేస్తారన్నావు. మదర్‌బోర్డు మీది సెల్లు చచ్చిపోయి ఉంటే మళ్లీ ఆన్ చేసినప్పుడు తేదీ ఏ పాత సంవత్సరానికో పోతుంది, నెట్ వచ్చేలోపు పడిన స్లిప్‌లన్నీ ఆ తేదీతోనే అచ్చవుతాయి. దానికి లోపల పెద్ద పనేమీ లేదు. సీఆర్ 2032 అని అడుగు, గడియారాలు బాగుచేసే దుకాణంలో కూడా దొరుకుతుంది.